ఇరవై నిమిషాల తెలుగు

ఇలక్కియ కోయంబత్తూరులోని పీలమేడుకు వచ్చి పద్నాలుగు నెలలైంది. ఈ పద్నాలుగు నెలల్లో ఆమె తెలుగులో మాట్లాడింది వాళ్ళమ్మ ఒక్కదానితోనే. అదీ ఫోనులో, అదీ అమ్మకు డ్యూటీ లేని పూట. మిగతా రోజంతా తమిళం, పనిలో సగం ఇంగ్లీషు. హాస్టల్లో ఆమెతో గది పంచుకున్న నిత్య, పెళ్ళి కుదిరి వెళ్ళిపోయాక రెండో మంచం ఖాళీగానే ఉండిపోయింది. సాయంత్రం గదికి పోయి తలుపు వేసుకుంటే, మళ్ళీ పొద్దున టిఫిను దగ్గర "రెండు చాలు" అనేదాకా నోరు తెరిచే పని ఉండేది కాదు.

ఆఫీసు పెద్ద కట్టడమేమీ కాదు. రాఘవన్ ఇంటి మేడ మీద ఒక గది. రాఘవన్ వాళ్ళు ఆ ఊళ్ళో పాతకాపు నాయుళ్ళు. తాతల నాడు పత్తి చేలు, తర్వాత ఒక మిల్లులో వాటా, ఇప్పుడు రెండు వర్క్‌షాపులు. అతను మాత్రం బెంగుళూరులో ఎనిమిదేళ్ళు సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసి, విసుగెత్తి, తిరిగొచ్చి ఈ చిన్న కంపెనీ పెట్టాడు. మొత్తం ముగ్గురు. రాఘవన్, డిజైను చేసే ఇలక్కియ, ప్రోగ్రాము రాసే మణిమారన్. ఆ మణిమారన్ తిరునెల్వేలిలో తన ఇంట్లో కూర్చుని పని చేస్తాడు. ఇలక్కియకు అతను లాప్‌టాప్‌లోంచి వచ్చే గొంతు మాత్రమే.

వాళ్ళు చేస్తున్నది ఫోనులో పెట్టుకునే టైమరు. చదువుకునేవాళ్ళు, పని చేసుకునేవాళ్ళు తెర మీద ఒకసారి తాకితే చాలు. ఒక వలయం కనిపిస్తుంది, మిగతా ఫోనంతా నోరు మూసుకుంటుంది, అనుకున్న నిమిషాలు అయ్యాక వలయం పోతుంది. "ఇంకేమీ ఉండకూడదు. ఫోను చేతిలోకి తీసుకుంటే మనిషికి కంగారు తగ్గాలి" అని రాఘవన్ మొదటిరోజే తమిళంలో చెప్పాడు.

అందుకని ఇలక్కియ పని గీయడం కంటే తీసెయ్యడం ఎక్కువైంది. మొదటి నెలలో ఏడు తెరలు ఉండేవి. రెండో నెలకు మూడయ్యాయి, తర్వాత ఒకటే మిగిలింది. టిక్ టిక్ శబ్దం తీసేసింది. నిమిషాలు చూపించే అంకెలు తీసేసింది. చివర్లో శభాష్ అని మెచ్చుకునే వాక్యం తీసేసింది. రంగులు ఒక్కొక్కటే పోయి, బూడిద కలిసిన తెలుపు మీద సన్నని నల్ల వలయం నిలిచింది. ఏది ఎందుకు తీసిందో ప్రతిసారీ మణిమారన్‌కు వివరంగా చెప్పేది. ఆ చెప్పడం ఆమెకు ఇష్టంగా ఉండేది. కాల్ అయిపోయాక ఆ తెర వైపు చూస్తూ కూర్చుంటే తన హాస్టలు గదిలాగే ఉందనిపించేది.

మధ్యాహ్నం పూట రాఘవన్ ఫోనులో కిందింట్లో ఉన్న నాయనమ్మతో తెలుగులో మాట్లాడేవాడు. "తినేస్తివా అవ్వా, మాత్ర మింగితివా" అనేవాడు. ఒక్కోసారి ఇంట్లోవాళ్ళ గొడవలు, మేనత్త కూతురి విడాకుల సంగతులు, నలుగురిలో అనకూడనివి కూడా గట్టిగానే అనేసేవాడు. పక్కనున్న మనిషికి ఆ భాష తెలియదనే ధీమా. ఇలక్కియ తెర మీంచి కళ్ళు తిప్పేది కాదు. అన్నీ అర్థమయ్యేవి.

మొదటిరోజే నాకూ తెలుగు వచ్చు అని ఎందుకు చెప్పలేదో ఆమె తనను తాను చాలాసార్లు అడిగింది. మదురైలో వాళ్ళ వీధి వీధంతా తెలుగే. వీధి దాటితే తమిళం. ఆరో తరగతిలో ఒకరోజు మరిచిపోయి తణ్ణి అనడానికి బదులు నీళ్ళు అంది. పక్కనున్న పిల్ల ఒక్క క్షణం ఆమె ముఖం చూసి, ఏ వీధో గ్రహించి, తన టిఫిను డబ్బాను కొంచెం అవతలికి జరుపుకుంది. అప్పటినుంచి తెలుగు ఇంటి తలుపు లోపలి సంగతి అయింది. కోయంబత్తూరుకు వచ్చాక చూస్తే ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళకు మిల్లులున్నాయి, తోటలున్నాయి. అదే భాషను అక్కడ గొంతు తగ్గించి మాట్లాడతారు, ఇక్కడ బాల్కనీలో నిలబడి మాట్లాడతారు. ఇందులో తాను ఎక్కడ నిలబడాలో ఆమెకు తెలియలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

జూన్‌లో రాఘవన్ ఒక మాట అన్నాడు. "మనం చూపించేవాళ్ళంతా మనలాగే ఫోను నొక్కేవాళ్ళు. ఫోను అలవాటు లేనివాళ్ళ చేతికిచ్చి చూడాలి. కింద మా అవ్వ ఉంది కదా. రోజూ వెళ్ళి పక్కన కూర్చుని, ఏం చేస్తుందో రాసుకోండి."

అలా నాలుగు గంటలకు ఇలక్కియ ఫోను, చిన్న నోటుబుక్కు తీసుకుని కిందికి దిగింది.

పాపమ్మాళ్ వెనక వసారాలో కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఎనభై ఒక్క ఏళ్ళు. రెండు నెలల కింద కుడి మోకాలికి ఆపరేషను అయింది. పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు కాలు చాచి మడిచి ఆడించాలని చెప్పి పంపారు. ఆమె ఐదు నిమిషాలు ఆడించి ఇరవై అయిపోయిందని వంటమనిషి ముత్తులక్ష్మితో వాదించేది. ఇంట్లో అందరికీ ఇదే తంటా. కొడుకూ కోడలూ పొద్దున వర్క్‌షాపుకు పోతే పొద్దుగూకాకే రావడం.

ఇలక్కియ ముక్కాలిపీట మీద ఫోను నిలబెట్టి, ఎక్కడ తాకాలో తమిళంలో చెప్పి, పక్కన మోడా మీద కూర్చుంది. ఇలాంటి పరీక్షలో చూసేవాళ్ళు మాట్లాడకూడదు. పాపమ్మాళ్ తాకింది. వలయం వచ్చింది, ఒక పక్కనుంచి సన్నగా చెరిగిపోవడం మొదలుపెట్టింది. ముసలామె కాలు రెండుసార్లు ఆడించి, ఆ సంగతి మరిచిపోయి, తెరనే చూస్తూ తనలో తాను అనుకుంది.

"ఏమిటికి ఇది ఇట్ల తరిగిపోతుండాది? అమాసకు పోయే చందమామ మాదిరి."

"అది తరిగినంతసేపు కాలు ఆడించాలవ్వా" అంది ఇలక్కియ.

అన్నాక గాని తాను ఏ భాషలో అందో ఆమెకు తెలియలేదు.

పాపమ్మాళ్ నెమ్మదిగా తల తిప్పింది. "నువ్వు మనోళ్ళా?"

"తెలుగు మాట్లాడతానవ్వా."

"ఏ ఊరు?"

"మదురై."

"మదురైలో మనోళ్ళు చానామంది ఉండారు. మా చిన్నత్తను ఆ పక్కన తిరుమంగళంలోనే ఇచ్చినారు. ఆ కాలంలో బండి కట్టుకుని పోతే రెండు దినాలు." ఆమె ముఖం విప్పారింది. "చూడు, మూడు నెలలుగా ఈ పిల్ల మా తల మీదనే నడస్తుండాది, వాడు ఒక మాట చెప్పలేదు. కూర్చో అమ్మిణీ, దగ్గిరికి జరిగి కూర్చో."

మూడు నెలలు కాదు, పద్నాలుగు. ఇలక్కియ దిద్దలేదు. 'మనోళ్ళు' అన్న మాటనూ దిద్దలేదు. అప్పుడే చెప్పి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. ముసలామె జవాబు కోసం ఆగకుండా తిరుమంగళం చిన్నత్త కథలోకి వెళ్ళిపోయింది. ఇలక్కియ వింటూ కూర్చుంది. నోటుబుక్కులో ఆరోజు రాసింది ఒకటే వాక్యం: కాలు ఆడించడం మరిచిపోయింది.

తర్వాతి రోజునుంచి నాలుగు ఎప్పుడవుతుందా అని ఇలక్కియ ఎదురుచూడడం మొదలుపెట్టింది. ఇరవై నిమిషాలకు దిగితే నలభై అయ్యేది. ముత్తులక్ష్మి రెండు స్టీలు గ్లాసుల్లో కాఫీ తెచ్చి పెట్టేది. పాపమ్మాళ్ కాలు చాస్తూ మడుస్తూ చెప్పుకుపోయేది. ఇప్పుడు విమానాలు దిగే వైపంతా పత్తి చేలేనట. పత్తి తీసే కాలంలో చేతివేళ్ళ కొసలు చీరుకుపోయి, ఉప్పు తగిలితే మండేవట. ఇంట్లో గడియారం ఉన్నా ఎవరూ చూసేవాళ్ళు కాదు. మిల్లు సంగు, అంటే సైరను, ఊదితే పొయ్యి వెలిగించడం, మళ్ళీ ఊదితే కూడు కట్టి పంపడం.

"ఆ సంగు నిలిచిపోయినాక నాకు కాలమే తెలీకుండా పోయినాది" అంది ఒకరోజు. "ఇప్పుడు అందురి చేతిలో టైము ఉండాది, ఎవురి దగ్గిరా లేదు. మా రాఘవనే చూడు. రెండు మాటలు తెలుగు, మూడో మాట ఇంగ్లీసు. వాని బిడ్డలకు నేను ఏమి చెప్పినా, వాట్ పాట్టి, వాట్ పాట్టి అంటారు. అవ్వా అనేది లేదు."

ఇలక్కియ నవ్వింది. తన నోట్లో ఎన్నాళ్ళుగానో కదలని మాటలు కదిలాయి. సంగటి, దోవ, ఎసరు, మాపటేళ. చిన్నప్పుడు తన అవ్వ అన్నవి, అమ్మ కూడా ఇప్పుడు అనడం మానేసినవి. తన కథలూ చెప్పింది. మాట్టుతావణి మార్కెట్టులో తెల్లారకముందే దిగే కాలీఫ్లవరు మూటలు, వాటి వాసన, నాన్న ఇరుళప్పన్ జేబులో దాచి తెచ్చే రెండు పచ్చి బఠాణీ కాయలు. నాన్న అక్కడ ఏ పని చేసేవాడో చెప్పలేదు. పాపమ్మాళ్ మండీ నడిపేవాడనుకుందేమో, "యాపారం చేసే మగవాళ్ళు అట్లనే" అంది. ఇలక్కియ కాఫీ తాగింది.

రెండో వారంలో పాపమ్మాళ్ ఫోను తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకు ఇది బాగుండలేదమ్మిణీ. ఎనబై ఏండ్లు దాటినదాని ముందర తరిగేది పెడితే ఎట్ల? చూస్తుంటే దిగులుగా ఉండాది. నిండేది పెట్టు."

ఇలక్కియ ఆ మాట రాసుకుని, గ్లాసు కూడా ఖాళీ చేయకుండా పైకి వెళ్ళింది. వలయాన్ని తిరగేసింది. ఇప్పుడు తెర ఖాళీగా మొదలవుతుంది, పైనుంచి చిన్న గీత పుడుతుంది, నిమిషాలు గడిచేకొద్దీ చుట్టూ తిరిగి వచ్చి తన కొసను తాను కలుసుకుంటుంది. మణిమారన్ దాన్ని గంటలో ప్రోగ్రాములో పెట్టేశాడు. రాఘవన్ మూడు నిమిషాలు దాన్నే చూశాడు. తర్వాత "ఇదే" అన్నాడు. నెలల తరబడి దేనికోసం వెతికారో అది దొరికినట్టు ముగ్గురికీ తెలిసింది.

ఆ ఆదివారం ఇలక్కియ అమ్మకు ఇదంతా చెప్పింది. వాళ్ళమ్మ సెల్లాయి మదురైలో ఒక ఆసుపత్రిలో వార్డులు తుడిచే పని చేస్తుంది. నాన్న పోయిన నాలుగేళ్ళనుంచి ఆమె ఒక్కతే.

"అచ్చం మన అవ్వ మాదిరే అమ్మా. కాకపోతే ఆమె మాటలు కొంచెం నీటుగా ఉంటాయి" అంది ఇలక్కియ.

సెల్లాయి అడిగింది. "మనం ఎవురో ఆమెకు తెలుసునా పాపా?"

"అడగలేదు."

"అడగలేదా, నువ్వు చెప్పలేదా?"

సెల్లాయి "సరి, తింటివా" అని మాట మార్చింది.

ఆ తర్వాత ఐదారు రోజులకు పాపమ్మాళ్ మంచి ఉషారుగా ఉంది. అప్పటికి కర్ర పట్టుకుని గుమ్మందాకా నడుస్తోంది. ఫోను తనంతట తానే తాకి, కాలు చాచి, ఇలక్కియ వైపు ఒంగి గొంతు తగ్గించింది.

"మా చిన్నత్త మనవడు ఒకడు ఉండాడు, ఈశ్వరన్ అని. తిరుమంగళంలోనే. ఇంజినీరు. ముప్పై దాటలేదు. మన మాట తెలిసిన పిల్ల కావాలని వాళ్ళమ్మ రెండేండ్లుగా వెతుకుతుండాది. మీ ఇంటిపేరు ఏమి చెప్పు. మీ అమ్మ నంబరు ఇయ్యి, నేను మాట్లాడతాను."

వలయం అప్పుడే మొదలైంది. చిటికెన వేలి గోరంత గీత.

ఇలక్కియ ఆ గీతను చూసింది. ఏదో ఒక ఇంటిపేరు చెప్పవచ్చు. ఇంకా చదువుకోవాలి, ఇప్పుడే పెళ్ళి వద్దు అని తప్పించుకోనూ వచ్చు. రేపు మళ్ళీ నాలుగు గంటలకు రావచ్చు. కానీ ఆ ముసలామె ముఖంలో ఉన్న సంతోషాన్ని చూస్తే అది దొంగిలించి తెచ్చుకున్నట్టు అనిపించింది.

"మేము నాయుళ్ళం కాదవ్వా" అంది. "మాది అరుంధతియర్ తెరువు, ఎస్సీల వీధి. మా అమ్మ ఆసుపత్రిలో తుడిచే పని చేస్తాది. మా నాయన మార్కెట్టులో మూటలు దించేవాడు. ముందరే చెప్పాల్సింది. చెప్పలేకపోతిని."

పాపమ్మాళ్ ఒంగిన నడుమును నెమ్మదిగా కుర్చీకి ఆనించుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు. ఇలక్కియ వెతికింది, దొరకలేదు. తెలిసిన దారిలో నడుస్తూ మెట్టు ఉందనుకున్న చోట లేకపోతే కలిగే తడబాటు మాత్రం ఉంది. ముసలామె కిటికీ వైపు తిరిగి కాలు చాచింది, మడిచింది. చాచింది, మడిచింది.

ఇలక్కియ లేచి వెళ్ళలేదు. వలయం నిండేదాకా ఉండడం ఆమె పని. వసారాలో ముసలామె మోకాలు చేసే చిన్న చప్పుడు తప్ప మరేమీ లేదు. ముత్తులక్ష్మి కాఫీ తెచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, అక్కడ పెట్టేసి పోయింది. ఆరోజు పాపమ్మాళ్ ఒక్కసారి కూడా ఆగకుండా ఇరవై నిమిషాలూ పూర్తిగా చేసింది. వలయం కలుసుకున్నాక ఇలక్కియ ఫోను తీసుకుని "వస్తానవ్వా" అంది. ముసలామె తల ఊపింది.

మర్నాడు నాలుగు గంటలకు ఆమె దిగేసరికి మోడా అక్కడే ఉంది. రెండు గ్లాసులూ ఉన్నాయి. అవే స్టీలు గ్లాసులు. పాపమ్మాళ్ ఆమెను చూసి మర్యాదగా చిరునవ్వు నవ్వింది.

"వాంగ. ఉక్కారుంగ" అంది.

రండి, కూర్చోండి. తమిళం. అదీ బయటి మనిషితో మాట్లాడే గౌరవపు తమిళం. నిన్నటిదాకా ఉన్న 'నువ్వు' పోయింది, 'అమ్మిణి' పోయింది. ఇలక్కియ కూర్చుంది. కాలు ఎలా ఉందని తమిళంలో అడిగింది. పరవాలేదని తమిళంలో జవాబు వచ్చింది. ఎండ ఎక్కువగా ఉందని ముసలామె తమిళంలో అంది. ఒక్క మాట పొల్లుగా లేదు. ఒక్క మాట కరకుగా లేదు. ఎవరికైనా చెప్పుకుంటే, ఇందులో బాధపడడానికి ఏముంది అంటారు.

ఆరోజు హాస్టలుకు పోయి ఇలక్కియ మంచం మీద కూర్చుని అమ్మకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. సెల్లాయి డ్యూటీలో ఉంది. మళ్ళీ చేయలేదు. ఖాళీ మంచం వైపు చూస్తూ "ఎసరు" అని పైకే అంది. గదిలో ఆ మాట వింతగా వినిపించింది.

పరీక్షకు ఇంకా పన్నెండు రోజులు మిగిలి ఉన్నాయి. పన్నెండు రోజులూ ఆమె దిగింది. ఇద్దరూ తమిళంలో వాన గురించి, కూరగాయల గురించి మాట్లాడుకున్నారు. పత్తి చేలు మళ్ళీ రాలేదు. తొమ్మిదో రోజు మోకాలు బాగా వాచింది. కాలు మడుస్తుండగా ఎక్కడో పట్టేసి పాపమ్మాళ్ కుర్చీ చేతులు పట్టుకుని "అమ్మా, నొస్తాదే, నా వల్ల కాదే" అంది. నొప్పికి ఆమె నోట వచ్చింది తెలుగే.

ఇలక్కియ ముందుకు ఒంగి ఆమె మడమ కింద చెయ్యి పెట్టింది. "మెల్లిగా చాపండవ్వా. గాలి పీల్చండి. నేను పట్టుకుంటాను."

ముసలామె చెయ్యి వచ్చి ఇలక్కియ భుజం మీద పడింది, గట్టిగా పట్టుకుంది. రెండు నిమిషాలో, మూడో. నొప్పి సర్దుకున్నాక ఆ చెయ్యి తీసుకుని, చీర కుచ్చెళ్ళు సవరించుకుని, తమిళంలో "నండ్రి" అంది. ఇన్నాళ్ళ పరిచయంలో ఆమె కృతజ్ఞత చెప్పడం అదే మొదటిసారి.

ఆగస్టు చివర్లో టైమరు తయారైంది. పేరు వట్టం అని పెట్టారు, తమిళంలో వలయమని. విడుదలకు నాలుగు రోజుల ముందు రాఘవన్ లాప్‌టాప్ పట్టుకుని వసారాలోకి వచ్చాడు, ఇలక్కియనూ రమ్మన్నాడు. ఈ నిండే వలయం తన నాయనమ్మ ఆలోచన అని పరిచయంలో రాసి, ఆమె ఫోటో పెట్టాలని అతని కోరిక. ఇలక్కియ ముక్కాలిపీట జరిపి, ఫోనును చేత్తో నిలబెట్టి పట్టుకుంది. అతను ఫోటో తీశాడు.

తర్వాత ఇంకో పని ఉందన్నాడు. ఆంధ్ర, తెలంగాణల వాళ్ళ కోసం తెలుగులో కూడా పెడుతున్నారు. వలయం నిండాక కింద ఒక వాక్యం రావాలని హైదరాబాదులో ఎవరితోనో రాయించాడు. ఆ అక్షరాలు ఆ ముగ్గురిలో ఎవరికీ చదవడం రాదు. రాఘవన్ లాప్‌టాప్ చేత చదివించాడు. "మీ ఏకాగ్రతా సమయం సంపూర్ణమైనది" అంది ఆడగొంతు.

"ఏమిరా అది?" అంది పాపమ్మాళ్.

"మన తెలుగేనంట అవ్వా."

"ఏకా... అంటే ఏమి?"

"నాకేమి తెలుసు." రాఘవన్ నవ్వి, ఇలక్కియ వైపు తిరిగి తమిళంలో అన్నాడు. "సారీ ఇలక్కియ, మా ఇంటి భాషలో మాట్లాడేస్తున్నాం. మీకు బోరు కొడుతుంది."

ఇలక్కియ పాపమ్మాళ్ వైపు చూసింది. ముసలామె మోకాలి మీద చీరను చేత్తో సరిచేస్తోంది. సరిగ్గా ఉన్నదాన్నే మళ్ళీ సరిచేస్తోంది. ఆమె చెబుతుందేమోనని ఇలక్కియ ఆగింది.

"నాకు తెలుస్తాది సార్" అంది తర్వాత, తెలుగులోనే. "మనసు ఒక్కచోట నిలిపేదాన్ని అట్ల అంటారేమో. మా ఇంట్లోనూ ఆ మాట లేదు."

ఇన్ని నెలలుగా తాను ఫోనులో గట్టిగా మాట్లాడినవన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు రాఘవన్ చెవులు ఎర్రబడ్డాయి. "మీకు తెలుగు వస్తాదా? మీరు మదురై కదా, అక్కడ మీరు..." అని ఆగాడు.

"అరుంధతియర్ తెరువు సార్. అవ్వకు తెలుసు."

"ఓ. అదంతా ఇప్పుడెవరు చూస్తారు" అన్నాడు అతను ఇంగ్లీషులో, అవసరానికి మించి త్వరగా. లాప్‌టాప్ మూసి, మళ్ళీ తెరిచాడు.

పాపమ్మాళ్ కిటికీ వైపు చూస్తూ మనవడితో అంది. "దానికి బాగా వస్తాది. నాకంటే బాగా మాట్లాడతాది."

తెలుగులోనే అంది. 'దానికి' అంది. ఇంట్లో పుట్టిన ఆడపిల్లనూ అలాగే అంటారు, గడప బయట నిలబెట్టే మనిషినీ అలాగే అంటారు. ముసలామె ఈ 'దానికి' ఏ అర్థంలో అందో ఆమె ముఖం చూస్తే తెలిసేది. ఆమె ఇటు తిరగలేదు.

"మరి ఏమి పెట్టాలి చెప్పండి" అన్నాడు రాఘవన్, తెలుగులో, మాటలు తడుముకుంటూ.

"ఏమీ పెట్టొద్దు సార్. నిండినాక వాళ్ళకే తెలుస్తాది."

అదే ఖాయమైంది. ఏ భాషలోనూ వాక్యం లేదు. పైకి వెళ్ళాక ఇలక్కియ ఫోటోను పరిచయం పేజీకి సరిపోయేలా అమర్చింది. బాగా వచ్చింది. సాయంత్రపు వెలుతురు, ముసలామె ముఖం, ఎదురుగా ఫోను. ఫోను కింద ఇలక్కియ చేతివేళ్ళు నాలుగు కనిపిస్తున్నాయి. చూసేవాళ్ళ కన్ను ముందు అటే పోతోంది. ఫోటో అంచును లోపలికి జరిపి వేళ్ళను కోసేసింది. ఆమె స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. చెడ్డ డిజైను చేతికి వస్తే దిద్దకుండా వదలడం ఆమెకు చేతకాదు.

రెండు రోజులు రాఘవన్ ఆమెతో తెలుగులో "బాగుండారా, తింటిరా" అన్నాడు. మూడో రోజుకు ఇద్దరికీ ఇబ్బందిగా అనిపించి తమిళానికి వచ్చేశారు. నాయనమ్మ ఫోను చేస్తే అతను ఇప్పుడు బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంటాడు.

వట్టం విడుదలైంది. మొదటి వారం మూడు వందల చిల్లర మంది పెట్టుకున్నారు. ఎవరో పరీక్షకు చదువుతున్న అమ్మాయి, ఈ వలయం నిండుతుంటే పక్కన ఒక మనిషి కూర్చున్నట్టు ఉంది అని రాసింది. ఇలక్కియ దాన్ని రెండుసార్లు చదివింది. అప్పటికి నాలుగు గంటలకు కిందికి దిగే పని లేదు.

ఆ శనివారం పొద్దున్నే సింగానల్లూరు బస్టాండులో బస్సెక్కింది. మదురైలో దిగి టౌన్ బస్సు పట్టుకుని మాట్టుతావణి దగ్గరున్న ఇంటికి చేరేసరికి ఒంటిగంట దాటింది. సెల్లాయి డ్యూటీ మార్చుకుని ఇంట్లోనే ఉంది. కూతురికి కంచం పెట్టి, ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. అన్నం, చేపల పులుసు. ఇలక్కియ తలవంచుకుని తింటోంది.

"ఆ ముసిలామె నడస్తుండాదా?" అని అడిగింది సెల్లాయి.

"నడస్తుండాదమ్మా. కర్ర లేకుండానే."

"నీతో బాగా మాట్లాడుతుండాదా?"

"మాట్లాడతాది."

ఏ భాషలో అని అమ్మ అడగలేదు. కూతురి ముఖం మీదనే కాసేపు కళ్ళు నిలిపి, లేచి, ఇంకో గరిటె పులుసు పోసింది. తర్వాత తమ వార్డులో కొత్తగా చేరిన నర్సు గురించి, ఆ పిల్ల తుడిచేవాళ్ళతో సహా అందరినీ అక్కా అనడం గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఇలక్కియ ఎంగిలి చెయ్యి ఎండిపోతున్నా కంచం ముందునుంచి లేవకుండా వింటూ కూర్చుంది.